పాలమూరు స్టేషన్ నుంచి ఏ లైను ఎటు పోతుంది, ఏ బండి ఎందుకు లేటవుతుంది

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం. బదిలీ మీద విశాఖ నుంచి మహబూబ్‌నగర్ వచ్చాను. మా ఆవిడ ఉద్యోగం హైదరాబాద్ హైటెక్ సిటీలో. అక్కడే ఇల్లు తీసుకుని నేను రోజూ రైల్లో వచ్చి పోవచ్చా? పని మీద అప్పుడప్పుడూ రాయచూరు వెళ్లాలి. కొందరు గద్వాల మీదుగా పొమ్మంటారు, కొందరు కృష్ణ మీదుగా పొమ్మంటారు. ఏది నయం? ఇంకో సందేహం. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే బళ్లు దాదాపు టైముకే వస్తున్నాయి, కర్నూలు వైపు నుంచి వచ్చేవి మాత్రం తరచూ లేటు. కారణం ఏంటి?

జవాబు:

మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. అది తెలిస్తే మిగతా రెండూ తేలిగ్గా అర్థమవుతాయి. నేను ఈ సెక్షన్‌లోనే స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను, ఉండేది కూడా పాలమూరులోనే, అంటే మీ మహబూబ్‌నగర్‌లోనే. కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ఉమ్మడి జిల్లా కేంద్రం కదా, ఇదేదో పెద్ద జంక్షన్ అయి ఉంటుందని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. ఇక్కడ లైను చీలదు. కాచిగూడ నుంచి వచ్చిన పట్టాలు ఈ స్టేషన్ మీదుగా గద్వాల, కర్నూలు దాటి డోన్ దాకా పోతాయి, అంతే. చీలికలన్నీ కింద ఉన్నాయి. దేవరకద్ర దగ్గర కృష్ణ స్టేషన్ వైపు ఒకటి, గద్వాలలో రాయచూరు వైపు ఒకటి. డోన్‌లో ఒక దారి గుత్తి, గుంతకల్లు వైపు, ఇంకోటి నంద్యాల వైపు. గుత్తి వైపు పోయిన బళ్లు అక్కడి నుంచి మళ్లీ విడిపోయి కొన్ని అనంతపురం, ధర్మవరం మీదుగా బెంగళూరుకు, కొన్ని తాడిపత్రి, కడప మీదుగా తిరుపతికి పోతాయి. పాలమూరులో మారేది ఒకే ఒక్కటి: పట్నం (హైదరాబాద్) నుంచి ఇక్కడిదాకా రెండు లైన్లు పూర్తయ్యాయి, కిందికి ఇంకా పాత సింగిల్ లైనే, పక్కన రెండో లైను పని నడుస్తోంది.

సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్, విద్యుదీకరణ పనిని 2023 ఏప్రిల్ 8న ప్రధాని మోదీ జాతికి అంకితం చేశారు. పేరు సికింద్రాబాద్ నుంచి అని ఉన్నా, ఈ ప్రాజెక్టులో వేసింది ఉందానగర్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్లు. ఖర్చు 1,410 కోట్ల దాకా అయింది. ఉందానగర్ నుంచి లోపలికి ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైళ్లు) పుణ్యమా అని రెండో లైను వేరుగా వచ్చింది. అంతకుముందు షాద్‌నగర్‌లోనో, బాలానగర్‌లోనో, గొల్లపల్లిలోనో బండి లూప్‌లో, అంటే స్టేషన్‌లోని పక్క లైనులో, ఆగిపోయి, ఎదురు బండి ఎప్పుడొస్తుందా అని జనం తలుపుల దగ్గర నిలబడి చూసేవాళ్లు. అది పోయింది. అందుకే పట్నం బండి మీకు టైముకు వస్తున్నట్టు కనిపిస్తోంది.

మహబూబ్‌నగర్–డోన్ మధ్య రెండో లైనుకు కేంద్ర క్యాబినెట్ 2023 ఆగస్టులో ఆమోదం ఇచ్చింది. ముద్ఖేడ్–మేడ్చల్ ముక్కను కూడా కలిపి ఒకే ప్రాజెక్టు చేశారు. అదే నిర్ణయంలో గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్ కూడా ఉంది, అంటే నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లది కూడా ఇదే కథ. వాళ్ల లైను మీద సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ పరుగెడుతుంటే మిగతా బళ్లు పక్కకు తప్పుకుని దారివ్వాల్సిందే.

సింగిల్ లైను మీద లేటు ఎలా పుడుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూపిస్తాను. రెండు స్టేషన్ల మధ్య ముక్కను బ్లాక్ సెక్షన్ అంటాం. అందులో ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. కౌకుంట్ల స్టేషన్‌లో క్రాసింగ్, అంటే ఎదురెదురు బళ్లు ఒకదాన్నొకటి దాటడం, పడిందనుకోండి. ముందు వచ్చిన బండిని లూప్‌లోకి తీసుకుంటారు. లూప్‌లోకి మళ్లేటప్పుడు వేగం బాగా తగ్గించాలి, అక్కడే రెండు మూడు నిమిషాలు పోతాయి. అది పూర్తిగా లోపలికి వచ్చి, వెనకాల పెట్టె మెయిన్ లైనుకు అడ్డం లేదని తేలాకే ఎదురు బండికి మెయిన్ మీద సిగ్నల్ ఇస్తారు. ఎక్స్‌ప్రెస్ ఆగకుండా దూసుకుపోతుంది. స్టేషన్ మాస్టర్ ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడి, పోతున్న బండి చక్రాలు, బ్రేకులు చూస్తుంటాడు. అవతలి వైపు నుంచి పాయింట్స్‌మన్ చూస్తుంటాడు. చివరి పెట్టె వెనకాల గుర్తు కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క. తర్వాత పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు) మార్చాలి, ముందు స్టేషన్‌ను లైన్ క్లియర్ (బండి పంపడానికి ఒప్పుకోలు) అడగాలి, అది వచ్చాక బయల్దేరడానికి స్టార్టర్ సిగ్నల్ ఇవ్వాలి. అన్నీ సవ్యంగా జరిగినా ఆగిన బండికి ఇరవై నిమిషాల దాకా ఇట్టే పోతాయి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఎదురు బండి డోన్ వైపే పావుగంట లేటయితే ఈ క్రాసింగ్ కౌకుంట్లలో కుదరదు. కంట్రోలర్ దాన్ని దేవరకద్రకో వనపర్తి రోడ్‌కో జరుపుతాడు. దాంతో దాని వెనకాల వచ్చే గూడ్సు లెక్క తప్పుతుంది, గూడ్సు కోసం ఆగిన ప్యాసింజరు ఇంకా ఆగుతుంది. బెంగళూరు నుంచో తిరుపతి నుంచో రాత్రంతా నడిచి వచ్చే బండికి డోన్ దాటాక పాలమూరు దాకా ఇట్లాంటి గండాలు ఎన్నో. పాలమూరు దాటాక రెండు లైన్లు కాబట్టి పోయిన టైము కొంత కలిసొస్తుంది. అందుకే మహబూబ్‌నగర్‌లో అరగంట లేటు చూపించిన బండి కాచిగూడలో కొన్నిసార్లు పది నిమిషాల లేటుతోనే చేరుతుంది. టైంటేబుల్లో కూడా చివర్లో కొంత అదనపు టైము పెట్టి ఉంచుతారు, అదో చిన్న కిటుకు.

పాత రోజుల్లో ఇంకా కష్టం. సింగిల్ లైను అంటే టోకెన్ ఉండేది. వెదురు రింగుకు కట్టిన తోలు సంచిలో ఇనుప గుండు పెట్టి, నడుస్తున్న ఇంజన్‌లోకి అందించేవాళ్లు. ఆ గుండు చేతిలో లేకుండా డ్రైవర్ ముందుకు కదలకూడదు. ఇప్పుడు ఆ పని ప్యానెల్ మీద బటన్లు చేస్తున్నాయి.

ఈ లైను పుట్టుక కూడా రెండు మాటల్లో చెప్తాను, ఎందుకంటే మన స్టేషన్ కాచిగూడకే ఎందుకు అతుక్కుందో అక్కడే ఉంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్లు 1916లో సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా మీటర్‌గేజ్ (ఇప్పటికన్నా సన్న పట్టాల) లైను వేశారు. కాచిగూడ స్టేషన్ భవనం కట్టింది కూడా 1916లోనే. గుమ్మటాలతో ఉన్న ఆ భవనమే ఆ రైల్వేకు కేంద్ర స్థానం. గద్వాల సంస్థానం కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నడిగడ్డలో ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు, అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ. అందుకే ముందు గద్వాలతో ఆగి, డోన్ దాకా కలపడం 1929లో గానీ కాలేదు. బ్రాడ్‌గేజ్ మార్పిడి 1990ల్లో జరిగింది. అందాకా తిరుపతి పోయేవాళ్లు కూడా ఆ చిన్న పెట్టెల్లోనే రాత్రంతా ఊగుతూ పోయేవాళ్లు.

పాత తరానికి ఈ లైను అనగానే గుర్తొచ్చేది 1956 సెప్టెంబర్ 2. జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వాన నీటి ఉధృతికి వంతెన కూలి బండి పడిపోయింది, వంద మందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానన్నారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాట అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగాక ఆయన పదవి వదిలేశారు. శాస్త్రిగారి రాజీనామా అంటే అందరూ అరియలూరు పేరే చెప్తారు, మొదటిసారి ఆయన అడిగింది మన దగ్గర జరిగినదానికని చాలామందికి తెలియదు. గట్టి వానలు పడ్డప్పుడు వాగుల మీద బండి మెల్లగా పోతుంటే విసుక్కోకండి. కాషన్ ఆర్డర్ (వేగం తగ్గించమనే ఆదేశం) ఉంటుంది, గస్తీ మనుషులు లాంతర్లు పట్టుకుని పట్టాల వెంట తిరుగుతుంటారు.

ఇక రాయచూరు. కృష్ణ మీదుగా పొమ్మన్నవాళ్లే సరైన మాట చెప్పారు. మునీరాబాద్–మహబూబ్‌నగర్ కొత్త లైను 1997–98లో మంజూరైంది. ఏళ్లకేళ్లు ముక్కలు ముక్కలుగా సాగి, చివరి ముక్క జక్లేర్–కృష్ణ 37 కిలోమీటర్లను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. ప్రధాని ఆ రోజు పాలమూరుకే వచ్చారు, కృష్ణ స్టేషన్‌లో ఉన్న కాచిగూడ–రాయచూరు డెమూ (డీజిల్ ప్యాసింజరు) బండికి ఇక్కడి నుంచే వీడియోలో జెండా ఊపారు. దేవరకద్రలో చీలి మరికల్, జక్లేర్, మక్తల్, మాగనూరు మీదుగా పోయి కృష్ణ స్టేషన్‌లో బొంబాయి–మద్రాసు పాత మెయిన్ లైనును అందుకుంటుంది. ఆ మెయిన్ లైను ఈ కాలపుది కాదు, బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు వైపు నుంచి వచ్చినవి 1871లోనే రాయచూరులో కలిశాయి. కృష్ణ స్టేషన్ నది ఇవతలి ఒడ్డున, మన నారాయణపేట జిల్లాలో ఉంది. వంతెన దాటితే కర్ణాటక, శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కిటికీలోంచే కనిపిస్తాయి. ఇంకాస్త పోతే రాయచూరు.

గద్వాల దారి 2013లో వచ్చింది. మీకది చుట్టు. ముందు గద్వాల దాకా దక్షిణానికి దిగి, మళ్లీ పడమరకు తిరగాలి. గద్వాలలో బండి మారాల్సి వస్తే మధ్యలో ఎంతసేపు కూర్చోవాలో తెలియదు. ఆ లైను గద్వాల, అయిజ వైపు జనానికి, కర్నూలు నుంచి రాయచూరు పోయేవాళ్లకు పనికొస్తుంది. మీరు గద్వాల బ్రాంచిలో కూడా పని పెట్టుకుంటే తప్ప అటు పోవద్దు. కృష్ణ దారిలో ఒక్కటే లోటు, బళ్లు తక్కువ. పొద్దున పోయే బండి, సాయంత్రం వచ్చే బండి టైములు ఎన్‌టీఈఎస్‌లో (రైళ్ల రాకపోకలు చూపే రైల్వే యాప్) చూసుకుని, తిరుగు బండి తప్పితే బస్సు ఉందని మనసులో పెట్టుకుని బయల్దేరండి. ఈ లైను కర్ణాటక వైపు కూడా పూర్తయితే హోస్పేట, హుబ్లీ, గోవాకు ఇటు నుంచే నేరుగా దారి పడుతుంది. హోస్పేట వైపున్న గిణిగేర నుంచి సింధనూరు దాకా 2024 నాటికి వచ్చింది, సింధనూరు నుంచి రాయచూరు దాకా ముక్క మిగిలింది.

బ్యాంకు పని అంటున్నారు కాబట్టి ఊళ్ల సంగతి కూడా తెలుసుకోండి. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. వనపర్తిలో దిగుతున్నాననుకుని లగేజీతో దిగితే అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టాలి. ఆలంపూర్ రోడ్ కూడా అంతే, జోగులాంబ గుడి దాని పక్కన ఉండదు. నారాయణపేట పట్టణంలోకి పట్టాలే పోవు, మరికల్‌లోనో జక్లేర్‌లోనో దిగి బస్సు ఎక్కాలి. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్‌లకైతే రైలు మాటే లేదు. గద్వాల–మాచర్ల లైను అని మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఈ మధ్య సూర్యాపేట, నల్లగొండ, నాగర్‌కర్నూల్ మీదుగా డోర్నకల్–గద్వాల అని సర్వే అంటున్నారు. పట్టాలు పడ్డ రోజున నమ్ముదాం. ఉమ్మడి జిల్లాలుగా పక్కపక్కనే అయినా పాలమూరు నుంచి నల్లగొండకు రైల్లో పోవాలంటే ఇవాళ్టికీ పట్నం పోయి, బీబీనగర్ మీదుగా తిరిగి రావాలి. మన జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సెక్కినవాడు ముందు చేరతాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న, రోజూ అప్ అండ్ డౌన్. టీచర్లు, రెవెన్యూ వాళ్లు, మీలాంటి బ్యాంకు వాళ్లు చేస్తూనే ఉన్నారు, అసాధ్యమేమీ కాదు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఉండేది ఫలక్‌నుమా, శంషాబాద్, మలక్‌పేట, కాచిగూడ చుట్టుపక్కల. మీరు హైటెక్ సిటీ అంటున్నారు, తిప్పలు అక్కడే. కాచిగూడ–మహబూబ్‌నగర్ నూరు కిలోమీటర్లకు కాస్త పైన. ఎక్స్‌ప్రెస్ అయితే దాదాపు రెండు గంటలు అనుకోండి, ప్రతి స్టేషన్‌లో ఆగే బండి ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. దానికి ముందు హైటెక్ సిటీ నుంచి కాచిగూడ రావాలి. ఎంఎంటీఎస్ నేరుగా ఉంటుంది గానీ దాని టైము మీ బండి టైముకు కుదరాలి. మెట్రో అయితే అమీర్‌పేటలో మారి మలక్‌పేటలో దిగాలి. మలక్‌పేట మెట్రో, రైల్వే స్టేషన్ రెండూ పక్కపక్కనే, కానీ దూరపు ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు, ఆటోలో కాచిగూడకు రావాలి. లెక్క వేస్తే ఒక్కో వైపు మూడు గంటలు. ఆరు గంటలు రైళ్లలో, ఎనిమిది గంటలు కౌంటర్లో కూర్చుని మనిషి ఎన్నాళ్లు ఆగుతాడు? నా సలహా అడిగితే పాలమూరులో చిన్న గది తీసుకోండి, వారానికి ఒకటి రెండుసార్లు వెళ్లి రండి. లేదూ రోజూ తిరగాల్సిందే అంటే ఇల్లు శంషాబాద్, అత్తాపూర్ వైపు మార్చండి. ఉందానగర్‌లో ఏ బండి ఆగుతుందో చూసుకుని ఎక్కితే మీకు కాచిగూడ దాకా పోయే పని తప్పుతుంది, మీ ఆవిడకు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర.

ఆమె ఇటు వచ్చేటప్పుడు మాత్రం బస్సే మేలు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు చార్జీ లేదు, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఆరాంఘర్‌లో ఎక్కితే ఊళ్లో ట్రాఫిక్ కూడా తప్పుతుంది. ఈ పథకం వచ్చాక పొద్దున ప్యాసింజర్లో రద్దీ కాస్త తగ్గిందని రోజూ తిరిగేవాళ్లు అంటుంటారు.

సీజన్ పాసు గురించి ఒక హెచ్చరిక. పాసు 150 కిలోమీటర్ల లోపు దూరానికే ఇస్తారు, మన దూరం అందులోకి వస్తుంది. కానీ అది జనరల్ పెట్టెకే. పాసు ఉంది కదా అని స్లీపర్‌లో ఖాళీ బెర్తు చూసి కూర్చుంటే టీటీఈ ఫైను రాస్తాడు, ఈ సెక్షన్‌లో అలవాటైన గొడవ ఇదే. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే పాసు మీద అదనపు చార్జీ కట్టి ఉండాలి. వందేభారత్‌లో పాసు చెల్లదు. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ 2023 సెప్టెంబర్ నుంచి మహబూబ్‌నగర్‌లో ఆగుతోంది, ఎప్పుడైనా తొందర ఉంటే టికెట్ కొనుక్కుని పోండి. పాసు లేనినాడు కౌంటర్లో టికెట్ తీసుకుంటే మూడు గంటల్లోపు బయల్దేరాలి. పొద్దున కొని సాయంత్రం బండికి వాడతానంటే కుదరదు.

తిరుపతికో బెంగళూరుకో రిజర్వేషన్ చేయించేటప్పుడు మహబూబ్‌నగర్ నుంచి వెయిటింగ్ లిస్టు చూపిస్తే నిరాశపడకండి. బండి బయల్దేరే స్టేషన్‌కు ఉన్నన్ని బెర్తులు మధ్య స్టేషన్లకు ఉండవు. అదే బండిలో కాచిగూడ నుంచి చూడండి, ఖాళీ ఉంటే అక్కడి నుంచి టికెట్ తీసి, బోర్డింగ్ మహబూబ్‌నగర్ అని పెట్టుకోవచ్చు. చార్జీ నూరు కిలోమీటర్లకు ఎక్కువ పడుతుంది, బెర్తు మాత్రం ఖాయం. బోర్డింగ్ మార్పు చార్టు తయారయ్యేలోపే చేయాలి. ఒకసారి మార్చాక కాచిగూడలో ఎక్కే హక్కు ఉండదు.

మీ ఊరికి మాత్రం ఈ తంటా లేదు. విశాఖ–కాచిగూడ సూపర్‌ఫాస్ట్‌ను 2023 మేలో మహబూబ్‌నగర్ దాకా పొడిగించారు. విశాఖ పోయే బండి, 12862 నంబరుది, ఇక్కడి నుంచే బయల్దేరుతుంది, కాబట్టి మీరు ఎక్కేసరికి పెట్టెలు ఖాళీగా ఉంటాయి, సామాను సర్దుకుని కూర్చోవచ్చు. వరంగల్, విజయవాడ, రాజమండ్రి మీదుగా పొద్దున్నే విశాఖలో దింపుతుంది. పండక్కి ఇద్దరూ కలిసి వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. ఆమె కాచిగూడలో ఎక్కేటట్టయితే ఇద్దరికీ కలిపి మహబూబ్‌నగర్ నుంచి ఒకే పీఎన్ఆర్ తీయకండి. ఇక్కడ ఎక్కలేదని టీటీఈ ఆమె బెర్తును వేరేవాళ్లకు రాసే ప్రమాదం ఉంది, బోర్డింగ్ మారిస్తే పీఎన్ఆర్‌లో ఉన్న మీ ఇద్దరికీ మారిపోతుంది. ఆమె టికెట్ కాచిగూడ నుంచి వేరుగా తీయండి. బుకింగ్‌లో కోచ్ నంబరు కోరుకునే వీలుంటుంది, మీ టికెట్‌కు వచ్చిన కోచే రెండోదాంట్లో అడగండి.